మే నెలలో జైసల్మేర్

జైసల్మేర్‌లో సీజన్ అంటే అక్టోబరు నుంచి మార్చి దాకా. హోలీ అయ్యాక టూరిస్టులు పలచబడతారు, ఏప్రిల్ దాటితే అసలే కనబడరు. నేను టీచర్ని, పెద్ద సెలవులు దొరికేది మే నెలలోనే. అయితే సెలవుల కోసమే ఈ నెల ఎంచుకోలేదు. మా బాబాయి నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. రాజస్థాన్ ఎడారిలో నీళ్లు దాచే పద్ధతుల గురించి ఏళ్ల తరబడి చదువుతున్నాడు. "ఎండాకాలానికి నీళ్లెట్ల దాచుకుంటరో ఎండాకాలంలనే పోయి చూడాలె అమ్మాయ్. చలికాలంల పోతే ఒంటెలు, ఫోటోలు తప్ప ఏం కనబడవు" అన్నాడు. ఆ మాట నాకు సబబుగా అనిపించింది. మాది కొత్తగూడెం. నలభై అయిదు డిగ్రీల ఎండ మాకు కొత్తేమీ కాదు.

గురువారం రాత్రి

జోధ్‌పూర్‌లో పగలంతా ఓ బంధువుల ఇంట్లో గడిపి రాత్రి బండి ఎక్కాం. పగటి రైళ్లు ఉన్నా ఈ నెలలో రాత్రి ప్రయాణమే నయమని ఇంటివాళ్లే చెప్పారు. ఏసీ పెట్టె అయినా కిటికీ అంచు మీద పిండి జల్లించినంత సన్నటి ఇసుక పేరుకుని ఉంది. వేలితో తుడిస్తే పోతుంది, గంట తర్వాత మళ్లీ అంతే ఉంటుంది.

ఈ దారిలో ఫలోదీ వస్తుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. మన దేశంలో రికార్డుల్లోకెక్కిన అత్యధిక ఉష్ణోగ్రత అదే. ఆ తర్వాత పోఖ్రాన్. 1974లో అణుపరీక్ష జరిగింది మే 18న, 1998లో జరిగినవి మే 11, 13 తేదీల్లో. అన్నీ నడివేసవిలోనే. ఎవరికీ తెలియకుండా ఆ ఇసుకలో నెలల తరబడి పనిచేసిన ఇంజనీర్లనూ సైనికులనూ తలుచుకుంటూ బాబాయి చాలాసేపు మాట్లాడాడు. నేను మధ్యలోనే నిద్రపోయాను.

శుక్రవారం

బండి దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మన హైదరాబాద్‌తో పోలిస్తే ఈ నెలలో ఇక్కడ పొద్దు పొడవడం దాదాపు పావుగంట ఆలస్యం, అంత పడమరకు ఉంది ఊరు. మే నెలలో ఆరుకు కాస్త ముందు పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఏడున్నర దగ్గర పడితే గానీ అస్తమించదు. తెల్లవారుజామున గాలి చల్లగా, హాయిగా ఉంది. ఆటో ఎక్కి ఊళ్లోకి మలుపు తిరగగానే కోట ఎదురైంది. త్రికూట అనే గుట్ట మీద, చుట్టుపక్కల నేల కంటే రెండువందల యాభై అడుగుల ఎత్తున, మొత్తం పసుపు రాయి. తొలి ఎండ పడిన బురుజులు తేనె రంగులో ఉన్నాయి, నీడన ఉన్నవి ఇంకా బూడిద రంగులోనే ఉన్నాయి. మొత్తం తొంభై తొమ్మిది బురుజులట. 1156లో రావల్ జైసల్ అనే భాటీ రాజు కట్టడం మొదలుపెట్టిన కోట ఇది. ఇప్పటికీ లోపల వేలమంది కాపురాలు ఉంటున్నారు. 2013లో రాజస్థాన్ కొండకోటలతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

కోట లోపల కూడా హోటళ్లున్నాయి. కానీ మేం కావాలనే బయట దిగాం. ఎవరు వెళ్లినా ఇదే చేయమంటాను. కోట కట్టినప్పుడు ఇంటికి ఇన్ని బిందెలు అని లెక్కగా మోసుకొచ్చుకున్న నీళ్లే వాడేవారు. పైపుల్లో నీళ్లు వచ్చాక, హోటళ్లూ బాత్‌రూములూ పెరిగాక, మురుగునీరు గుట్టలోకి ఇంకడం మొదలైంది. పైన రాయే గానీ కింద బంకమట్టి పొరలున్నాయి. అవి తడిస్తే ఉబ్బుతాయి, జారతాయి. కొన్ని బురుజులు అలాగే కూలిపోయాయి. 2024 ఆగస్టు వానలకు కూడా గోడలో కొంత భాగం పడిపోయింది. ఎనిమిది వందల ఏళ్లు ఎండకూ యుద్ధాలకూ నిలిచిన కోట మన స్నానాల నీళ్లకు దెబ్బతినడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కోటలో తిరిగి రావచ్చు, నిద్రపోవడానికి మాత్రం కిందికి దిగడమే మంచిది.

మా హోటల్ గది సీజన్లో ఆరేడు వేలు పలుకుతుందట, మాకు పదిహేను వందలకు ఇచ్చారు. హోటల్ మొత్తం మీద మేమూ, సోలార్ కంపెనీ పని మీద వచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ. వంటమనిషి సొంతూరు వెళ్లిపోయాడు, మేనేజరే రొట్టెలు కాల్చి పెట్టాడు.

పదకొండు దాటాక ఊరు తలుపులు మూసుకుంటుంది. పన్నెండింటికి ఓసారి మందుల షాపు కోసం బయటికి వచ్చాను. వీధిలో మనిషి జాడ లేదు. ఆవులు సందుల్లో గోడ నీడకు ఆనుకుని పడుకున్నాయి. ఇక్కడి వేడిగాలిని లూ అంటారు. మా ఊళ్లో ఎండకు చెమటలు ధారగా కారతాయి, బట్టలు తడిసి ఒంటికి అంటుకుంటాయి. ఇక్కడ చెమట పట్టిన సంగతే తెలియదు, పట్టీ పట్టకముందే గాలి లాగేసుకుంటుంది. గదికి వచ్చి చూసుకుంటే నా నల్ల చున్నీ మీద ఉప్పు తెల్లటి గీతలుగా మిగిలింది. దాహం వేసేదాకా ఆగకూడదని, గంటకోసారి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగాలని మేనేజరు హెచ్చరించాడు. ఇక్కడ అందరూ ముక్కూ చెవులూ గుడ్డతో మూసుకునే బయటికి వస్తారు. పలచటి నూలుగుడ్డ తల చుట్టూ, మొహం చుట్టూ కట్టుకుంటే ఎంత తేడా ఉంటుందో ఆ పది నిమిషాల్లోనే తెలిసింది.

గదిలో ఏసీ ఉంది. కానీ మేం ఎక్కువగా వాడింది వరండాలోని గడ్డి కూలరే. విజయవాడలో కూలర్ వేస్తే గది జిగటగా అవుతుంది, ఇక్కడ అదే కూలర్ చలి పుట్టిస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత త్వరగా ఆవిరై అంత చల్లబరుస్తుంది. బాబాయి దానికి ఎదురుగా మంచం వేసుకుని నాలుగింటి దాకా నిద్రపోయాడు.

ఆరింటికి కోట ఎక్కాం. ఒకదాని తర్వాత ఒకటి నాలుగు ద్వారాలు, దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. చివరిది హవాపోల్, అంటే గాలి ద్వారం. చలికాలంలో ఇక్కడ నిలబడడానికి చోటుండదట. ఇప్పుడు రెండు వైపులా రాతి అరుగుల మీద కోటలో ఉండే ముసలివాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. బయట ఆకు కదలకపోయినా ఆ ఇరుకు ద్వారంలో గాలి ఆగకుండా వీస్తూనే ఉంది. అరుగు మీద చేయి పెడితే రాయి చల్లగా తగిలింది. ఓ పెద్దాయన పక్కకు జరిగి బాబాయికి చోటిచ్చాడు. ఎక్కడి నుంచి అని అడిగి, తెలంగాణ అని చెప్పగానే, "మీవైపు కూడా ఎండలు గట్టివే కదా, మళ్లీ ఇక్కడికెందుకు వచ్చారు?" అన్నాడు. బాబాయి ఖడీన్లు, అంటే వాననీళ్లు ఆపి నేలలో ఇంకించుకునే పొలాలు, చూడాలని చెప్పేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. ఏ ఊరి ఖడీన్ ఎలా ఉంటుందో, ఏ దారిలో వెళ్లాలో, ఎవరిని అడగాలో వివరంగా చెప్పాడు. మా ఆదివారం ప్రయాణం మొత్తం ఆ అరుగు మీదే ఖాయమైంది. సీజన్లో ఈ ఊళ్లో పలకరింపు అంటే దుకాణంలోకి పిలవడమే. ఇప్పుడు ఎవరికీ అమ్మాలన్న తొందర లేదు, కబుర్లు చెప్పే తీరిక ఉంది.

శనివారం

ఏడు కాకముందే కోటలోని జైన దేవాలయాల దగ్గరున్నాం. ఎక్కువ భాగం 15, 16 శతాబ్దాల నాటివి. స్తంభాల మీద చెక్కడం ఎంత సన్నగా ఉందంటే చూపు ఒకచోట నిలవదు. వీటి కింద ఉన్న జ్ఞాన భండారంలో 11, 12 శతాబ్దాల తాళపత్ర గ్రంథాలు కూడా ఉన్నాయి. పొడిగాలి తాళపత్రాలకు మేలు చేసిందని అంటారు. మనవైపు తేమకూ చెదలకూ పోయిన గ్రంథాలు తలుచుకుంటే ఎండ మీద కొంచెం గౌరవం పుడుతుంది.

అక్కణ్ణుంచి పట్వోంకీ హవేలీ. జరీ వ్యాపారం, వడ్డీ వ్యాపారం చేసిన గుమాన్‌చంద్ పట్వా 1805లో మొదలుపెట్టి అయిదుగురు కొడుకుల కోసం కట్టించిన అయిదు ఇళ్ల వరుస. దీని అందం గురించి అందరూ రాస్తారు. మే నెలలో వెళ్తే ఆ అందం ఎందుకు పనికొస్తుందో ఒంటికి తెలుస్తుంది. వీధి సన్నం, ఇళ్లు ఎత్తు. మధ్యాహ్నం కాసేపు తప్ప వీధిలో నేల మీద ఎండ పడదు. ముందు గోడ నిండా ఝరోఖాలనే రాతి బాల్కనీ కిటికీలు, చూరులు, తీగలు, పువ్వులు బయటికి పొడుచుకుని ఉన్నాయి. చదునైన గోడ అయితే ఎండ అంతా తాగుతుంది. ఈ గోడ మీద ప్రతి పువ్వూ తన కింది రాతి మీద నీడ వేస్తోంది. దగ్గరికి వెళ్లి చూశాను. చెక్కిన ఆకు అంచు మీద చేయి పెడితే వేడిగా ఉంది, రెండంగుళాల లోపల, ఆకు నీడ పడిన చోట చేయి ఆనితే చల్లగా ఉంది. ఒకే గోడ, ఒకే నిమిషం.

రాయిలోనే చిల్లులు తొలిచిన జాలీ కిటికీల దగ్గర కూర్చుంటే గాలి సన్నగా, జోరుగా వస్తుంది. ఇంటి నడిమధ్య చావడిలో రాత్రి చల్లగాలి దిగి పొద్దెక్కేదాకా నిలుస్తుంది. పైకప్పులకు దగ్గర దగ్గరగా దూలాలు వేసి, వాటి మీద గడ్డి చాప పరిచి, ఆపైన మందంగా మట్టి కప్పుతారు. రాళ్లను సున్నం లేకుండా గాడులు కోసి ఒకదానిలో ఒకటి బిగించారు. బాబాయి ఆ గాడుల ముందు మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు వేసి మరీ చూశాడు. "మన పిల్లలకు ఇంజనీరింగ్ కాలేజీల ఇది చెప్తలేరు" అని బాధపడ్డాడు. నిజమే. గాజు అద్దాల బిల్డింగులు కట్టి ఏసీలకు కరెంటు ధారపోసే మనం ఈ ఇళ్లను చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఈ ఊరు కట్టింది చలికాలపు టూరిస్టుల కోసం కాదు, ఇదిగో ఈ ఎండ కోసం. అందుకే ఈ ఎండలోనే దీన్ని చూడాలని నేననేది.

మధ్యాహ్నం మేనేజరు భార్య మాకోసం రాబ్ పంపింది. సజ్జపిండిని మజ్జిగలో కలిపి ఉడికించి చల్లార్చి, జీలకర్ర చల్లి ఇచ్చారు. బాబాయి ఒక్క గుక్క తాగి "ఇది మన అంబలే" అన్నాడు. మాది జొన్న, వీళ్లది సజ్జ, అంతే. నాలుగు గంటల దాకా కడుపు చల్లగా ఉంది.

సాయంత్రం గడీసర్ చెరువు. పద్నాలుగో శతాబ్దంలో మహారావల్ గడ్సీ దీన్ని బాగు చేయించాడు కాబట్టి ఆయన పేరు మీదే ఉంది. 1960ల దాకా ఊరంతటికీ ఇవే తాగునీళ్లు. ఆడవాళ్లు రోజూ ఇక్కడికి వచ్చి బిందెలు మోసుకెళ్లేవారు. ఏడాదికి రెండువందల మిల్లీమీటర్ల దగ్గర్లో వాన పడే ఊరు ఇది. హైదరాబాద్‌లో పడేదానిలో పావు వంతు. ఆ వాననే ఒడిసిపట్టి నగరం బతికింది. చెరువు ముందున్న పెద్ద ద్వారాన్ని తిలోన్ అనే వేశ్య కట్టించిందని చెబుతారు. రాజుగారు ఒప్పుకోకపోతే ద్వారం పైన కృష్ణుడి గుడి పెట్టించిందట, ఇక కూల్చడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆమె తెలివికీ ధైర్యానికీ దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు ఊరికి నీళ్లు ఇందిరాగాంధీ కాలువ నుంచి వస్తాయి. పంజాబ్‌లోని హరికే బ్యారేజీ దగ్గర మొదలై, ఫీడరుతో కలిపి దాదాపు 650 కిలోమీటర్లు నడిచి, సట్లెజ్, బియాస్ నీళ్లు 1987లో ఈ జిల్లాలోని కాలువ చివరిదాకా చేరాయి. కొన్నేళ్లుగా ప్రతి వేసవిలో మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తున్నారు. నహర్‌బందీ అంటారు దాన్ని. ఆ రోజుల్లో చెరువుల్లో, ట్యాంకుల్లో నింపిపెట్టుకున్న నీళ్లతోనే సరిపెట్టుకోవాలి. అంటే అవసరమైన నెలలోనే కాలువ ఎండిపోతుంది. మా హోటల్లో కూడా పొద్దున గంటసేపే కుళాయి వచ్చింది. బాబాయి బకెట్టు నీళ్లతో స్నానం ముగించి, మిగిలిన సగం బకెట్టు కానుగ మొక్కకు పోశాడు. చలికాలంలో వచ్చేవాళ్లకు ఈ సంగతి చెవిన కూడా పడదు.

గేటు పక్కన నీడలో మట్టికుండల వరుస, గంట, రెండు లోటాలు ఉన్నాయి. మన చలివేంద్రమే, ఇక్కడ ప్యావూ అంటారు. కుండలకు తడి గోనెగుడ్డ చుట్టి ఉంది. నీళ్లు పోసే ముసలమ్మ నా దోసిట్లో సన్నని ధారగా పోస్తూ, చాలని తల ఊపేదాకా ఆపలేదు. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు.

ఆ రాత్రి హోటల్ మేడ మీద పడుకున్నాం. పది దాటాక గాలి పూర్తిగా చల్లబడింది. కింద వీధిలో ఎవరిదో పెళ్లి. అఖాతీజ్, అంటే మన అక్షయ తృతీయ, చుట్టుపక్కల ఇక్కడ పెళ్లిళ్లు ఎక్కువ. మంగణియార్ గాయకులు వచ్చారు. వీళ్లు ముస్లింలు, తరతరాలుగా హిందూ యజమానుల ఇళ్లలో పుట్టుకకూ పెళ్లికీ పాడతారు, కృష్ణుడి పాటలు కూడా. మామిడి చెక్కకు మేకతోలు బిగించిన కమాయిచా నాదం, చేతిలో ఖర్తాళ్ల చప్పుడు అర్ధరాత్రి దాకా వినబడ్డాయి. టెంట్లలో టూరిస్టులకు అరగంట ప్రోగ్రామ్ ఇవ్వడం వేరు, తమ ఇంటి పెళ్లిలా గంటల తరబడి పాడడం వేరు.

ఆదివారం

అయిదింటికే జీపు వచ్చింది. భాటీల పాత రాజధాని లోద్రవాలో జైన గుడి చూసి, కుల్‌ధరా దాటాం. పాలీవాల్ బ్రాహ్మణులు పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో వదిలేసిన ఊరు. దివాన్ సలీంసింగ్ వేధింపులకు రాత్రికి రాత్రే ఊరంతా వెళ్లిపోయారని కథ, అందుకే దెయ్యాల ఊరని ప్రచారం. పన్నులు పెరగడం, బావుల్లో నీళ్లు తగ్గడం అసలు కారణాలని పరిశోధకులు అంటారు. ఈ ఊరి గురించి దెయ్యాల కథలు చెప్పి ఆ మనుషులు చేసిన గొప్ప పని మరిచిపోతున్నాం. ఆ గొప్ప పని ఖడీన్.

పెద్దాయన చెప్పిన గుర్తుల ప్రకారం వెళ్తే కుడివైపు రాతి వాలు, ఎడమవైపు పల్లం, పల్లానికి అడ్డంగా పొడవాటి మట్టికట్ట. అదే ఖడీన్. వాన పడితే రాతి వాలు మీది నీరంతా జారి పల్లంలో కట్ట వెనక నిలుస్తుంది. ఎక్కువైతే మత్తడి మీదుగా పోతుంది. నిలిచిన నీరు నెమ్మదిగా నేలలో ఇంకుతుంది. పైన నీళ్లు తగ్గాక, ఆ తేమ మీదే చలికాలంలో గోధుమ, శనగ వేస్తారు. బోరు లేదు, కాలువ లేదు, ఇంకో తడి ఇవ్వరు. పొలం ఎకరం ఉంటే నీరు పారే వాలు పది పదిహేను ఎకరాలుండాలి. పాలీవాళ్లు పదిహేనో శతాబ్దం నుంచీ ఈ పద్ధతిలో ఎడారిలో గోధుమ పండించారు. బాబాయి కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. మన కాకతీయుల గొలుసు చెరువులు గుర్తొచ్చాయన్నాడు. కానీ ఆ చెరువు నీళ్లు దాచి కింది పొలానికి పారిస్తుంది. ఇక్కడ చెరువు గర్భమే పొలం. పై నేల బీటలు వారి ఉంది. డ్రైవర్ పార తెచ్చి ఒక చోట తవ్వి చూపించాడు. మూరెడు లోతున మట్టి రంగు మారి, పిడికిట్లో ముద్ద కట్టింది. మే నెల నడిమధ్య, వాన పడి ఎనిమిది నెలలు దాటాక!

కట్ట పక్కనే ముగ్గురు ఆడవాళ్లు కేర్ కాయలు కోస్తున్నారు. కేర్ అంటే ఆకులు లేని ముళ్లపొద. శనగగింజ కంటే కాస్త పెద్ద ఆకుపచ్చ కాయలు. ముళ్లు గుచ్చుకోకుండా రెండు వేళ్లతో తొడిమ దగ్గర గిల్లి కొంగులో వేస్తున్నారు. ఎండెక్కకముందే, తొమ్మిది లోపు ముగించాలని తొందర. అవతల ఖేజ్రీ చెట్లకు సాంగ్రీ కాయలు వేలాడుతున్నాయి. ఖేజ్రీ అంటే మన జమ్మిచెట్టే. దసరాకు బంగారమని ఒకరి చేతిలో ఒకరం పెట్టుకునే ఆకు. తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కూ అదే. మిగతా చెట్లన్నీ మోడుబారిన వేళ ఈ చెట్టు కొత్త చిగురు వేస్తుంది. వేర్లు లోతుకు పోయి నీళ్లు తాగుతాయి. ఆకు మేకలకు, కాయ మనుషులకు, నీడ అందరికీ. మన దగ్గర పండుగనాడు మొక్కే చెట్టును ఇక్కడ రోజూ తిని బతుకుతారు. ఏ హోటల్లోనైనా దొరికే కేర్‌సాంగ్రీ కూర ఈ ఎండల్లో, ఈ చేతుల మీదుగా వస్తుంది. ఆఫ్ సీజన్ అని మనం పేరు పెట్టిన నెలలు వీళ్లకు కోతల కాలం.

దారి పొడవునా గాలిమరలు, కరెంటు తీగలు. ఈ తీగల వల్ల బట్టమేక పిట్టకు ఆపద వచ్చింది. ఇక్కడ గోడావణ్ అంటారు. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నది సరిగా చూడలేదు, తీగను గుర్తించేలోపే తగులుతుంది. ఇప్పుడు రాజస్థాన్‌లో నూరూ నూటయాభై మధ్య మిగిలి ఉంటాయని అంచనా. మన కర్నూలు వైపు రోళ్లపాడులో ఈ పిట్ట కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ కనబడడమే లేదు. తీగలు భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. సమ్ దగ్గర కేంద్రంలో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. సోలార్ కరెంటు మనందరికీ కావాలి, నాకూ కావాలి. కానీ దేవుడి పేరున తరాలుగా గొడ్డలి పెట్టకుండా కాపాడుకున్న ఓరణ్ అడవులను ఖాళీ జాగా అని కాగితం మీద రాసి ప్లాంట్లకు ఇవ్వడం అన్యాయం. ఊళ్లవాళ్లు వాటికోసం కాలినడకన ఊరేగింపులు చేస్తున్నారు. వాళ్ల పక్షానే నిలబడతాను.

సాయంత్రం సమ్ ఇసుక తిన్నెలకు వెళ్లాం. ఊరికి నలభై కిలోమీటర్లు. వందలాది టెంట్లకు గుడ్డలు విప్పేసి ఇనుప చట్రాలు మాత్రమే ఉంచారు. ఏడింటిదాకా ఇసుక మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. తర్వాత బాగుంది. ఒంటెలను మేతకు తోలేశారు కాబట్టి సవారీ లేదు. నాకు ఆ లోటు అనిపించలేదు.

సోమవారం

తనోట్ నూట ఇరవై కిలోమీటర్లు. 1965 యుద్ధంలో పడిన బాంబులు గుడి దగ్గర పేలలేదని నమ్మకం, వాటిని గాజు పెట్టెల్లో ఉంచారు. సరిహద్దు దళం జవాన్లే పూజలు చూసుకుంటారు. మాకు బొట్టు పెట్టిన జవాను విజయనగరం కుర్రాడు. తెలుగు వినగానే "అక్కా, ఈ ఎండల్లో వచ్చారా!" అని ఎదురొచ్చి మజ్జిగ తెప్పించాడు. అతను ఆ ఎండలో రోజంతా డ్యూటీ చేస్తాడు.

దారిలో రామ్‌గఢ్ అవతల బేరీలు చూశాం. చూస్తే నేలలో చిన్న కన్నం, మీద కర్రల మూత. లోపల మాత్రం లోతైన సన్నని బావి. అక్కడ ఇసుక కింద జిప్సం పొర ఉంటుంది. ఇంకిన వాన నీరు ఆ పొర దాటి కిందనున్న ఉప్పునీళ్లలో కలవలేదు, ఇసుకలోనే తేమగా నిలిచి ఉంటుంది. ఆ పొర దాకా తవ్వితే తేమ చుక్కచుక్కగా ఊరి తెల్లారేసరికి కొన్ని బిందెలవుతుంది. బావికి పైన నోరు వెడల్పుగా ఉంటే ఆవిరైపోతుందని సన్నగా ఉంచారు. చేద వేసిన గొర్రెల కాపరి మాకు తాగడానికి పోశాడు. తియ్యటి నీళ్లు. తిరిగి ఎప్పుడు నిండుతుందో తెలిసినట్టు, రెండు చేదలు తోడి ఆపేశాడు. బాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లు డ్యాములూ కాలువలూ కట్టిన మనిషి ఆయన.

మూడింటికి పడమటి దిక్కు పసుపు పచ్చగా, తర్వాత ఇటుక రంగుకు తిరిగింది. డ్రైవర్ మాట్లాడడం ఆపి, కరెంటు స్తంభాలకు దూరంగా జీపు పక్కకు తీసి అద్దాలెక్కించాడు. ఆంధీ. నేల నుంచి ఆకాశం దాకా లేచిన దుమ్ము మా మీదుగా పోయింది. కాసేపు జీపు ముందు బానెట్ కూడా కనబడలేదు. పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి, డ్రైవర్ మాత్రం పాట కూనిరాగం తీస్తూ కూర్చున్నాడు. దుమ్ము తేలాక నాలుగు చినుకులు పడ్డాయి, వేడి ఒక్కసారిగా దిగిపోయింది. రోడ్డు సగం దాకా ఇసుక మేట వేసింది. దాన్ని తీయడానికి పార పట్టుకుని మనుషులు అప్పటికే వచ్చేశారు.

మంగళవారం

రాత్రి బండికి టికెట్. పొద్దున బజారులో ఎండు సాంగ్రీ, కేర్ కొన్నాం. కిలో వెయ్యి పైనే, కోసే కష్టం చూశాక బేరం ఆడాలనిపించలేదు. దుకాణదారు వండే విధానం ఓపిగ్గా చెప్పాడు. కేర్ పచ్చిది చేదు, అందుకే మజ్జిగలోనో ఉప్పునీళ్లలోనో రోజుల తరబడి ఊరబెట్టి ఎండబెడతారు. ఎండువి తెచ్చుకున్నా రాత్రంతా నానబెట్టి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, ఉడికించి, అప్పుడు నూనెలో ఎండుమిరప, ఆమ్‌చూర్, పెరుగు వేసి మగ్గించాలి. నీళ్లు పెట్టి వండితే రెండు రోజులకే పాడవుతుంది, నూనెలోనే అయితే ప్రయాణంలో కూడా నిలుస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. పసిపిల్లలనూ గుండె జబ్బున్నవాళ్లనూ మే, జూన్ నెలల్లో తీసుకెళ్లకండి, ఈ ఎండతో పరాచికాలు పనికిరావు. తిరగడమంతా పొద్దున పది లోపు, సాయంత్రం ఆరు తర్వాతే పెట్టుకోండి. పలచటి నూలుబట్టలు, తల చుట్టుకోవడానికి పొడవాటి గుడ్డ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. జీపు మాట్లాడుకునేటప్పుడు స్పేర్ టైరు, నీళ్ల క్యాను, పార ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. హోటల్ ముందుగా బుక్ చేయాల్సిన పని లేదు గానీ వంట ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. నహర్‌బందీ రోజులైతే బకెట్టు స్నానంతో సరిపెట్టుకోండి. ఖడీన్లకు బోర్డులుండవు. సాయంత్రం హవాపోల్ అరుగుల మీద కూర్చుని అడిగితే దారి చెప్పేవాళ్లు దొరుకుతారు.